లోడు సైకిలంటే వెనక చక్రమే

కోపెన్‌హాగన్ వీధుల్లో ముందు పెద్ద పెట్టె పెట్టుకుని పిల్లల్నీ సరుకుల్నీ మోసుకుపోయే కార్గో బైకులు చూసి, అలాంటివి ఇక్కడ దొరుకుతాయా అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. తెప్పించుకుంటే ఆ డబ్బుకు స్కూటరే వచ్చేస్తుంది. నన్నడిగితే పాలవాళ్ళూ గ్యాసు బండలవాళ్ళూ ఇన్నేళ్ళుగా నమ్ముకున్న 28 అంగుళాల నల్ల సైకిలే మన కార్గో బైకు. కాకపోతే షాపులోంచి తెచ్చింది తెచ్చినట్టు లోడేస్తే మూలపడుతుంది. ఆ మూలపడటం కూడా ఫ్రేము వల్ల కాదు, వెనక చక్రం వల్ల.

క్యారియర్ మీద పెట్టిన బరువూ, తొక్కే మనిషి బరువులో సగానికి పైనా ఆ ఒక్క చక్రం మీదే పడతాయి. అందుకే ఈ సైకిళ్ళకు ముందు 32 స్పోకులుంటే వెనక 40 ఉంటాయి. అయినా తెగుతాయి. తెగేది ఎక్కువగా ఫ్రీవీల్ (చైను తగులుకునే వెనక పళ్ళ చక్రం) వైపు, అదీ హబ్ (చక్రం నడిమి దిమ్మ) దగ్గరి వంపులో. చక్రం తిరిగే ప్రతిసారీ కిందికొచ్చిన స్పోకు కాస్త వదులవుతుంది, పైకి వెళ్ళగానే మళ్ళీ బిగుస్తుంది. తీగను అటూ ఇటూ వంచి విరిచినట్టే అది రోజూ కొంచెం కొంచెం అలిసిపోతుంది. చాలామంది "ఎక్కువ బిగించాడు, అందుకే తెగింది" అని మెకానిక్‌ని తిడతారు గానీ, మామూలుగా జరిగేది దానికి సరిగ్గా ఎదురు. వదులు స్పోకుకు కదలిక ఎక్కువ, ముందు తెగేది అదే.

కాబట్టి లోడుకు వాడదలిస్తే మొదటి ఖర్చు ఇక్కడ పెట్టండి. మామూలుగా వచ్చే 14 గేజి (2 మిల్లీమీటర్లు) స్పోకులు తీసేయించి 13 గేజివి (2.3) వేయించండి, నిపుళ్ళు (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్లు) కూడా ఆ సైజువే. 12 గేజి ఇంకా లావు, కానీ హబ్ రంధ్రంలో పట్టకపోవచ్చు. రంధ్రం పెద్దది చేయిస్తే అక్కడే హబ్ చీలుతుంది. బెండు తీశాక వేలితో ఒక్కొక్క స్పోకూ మీటి చూడండి: ఒకే వైపున్నవన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. రెండో మూడో "టింగ్"మనకుండా "టక్"మంటే పని పూర్తి కాలేదన్నమాట. కొత్తగా అల్లిన చక్రం వంద కిలోమీటర్లు తిరిగేసరికి సర్దుకుంటుంది. అప్పుడు ఇంకోసారి బెండు తీయించకపోతే పెట్టిన డబ్బంతా దండగ.

దారిలో స్పోకు తెగితే దాన్ని పక్క స్పోకుకు చుట్టేసి, దిగి నడిపించుకుపోవాలి. తెగినదాని భారం పక్కవాటి మీద పడుతుంది, తొక్కితే అవీ పోతాయి. షాపులో ఒక్క విషయం కనిపెట్టండి. ఫ్రీవీల్ వైపు స్పోకు మార్చాలంటే ఫ్రీవీల్ ఊడదీయాలి. అది తొక్కే కొద్దీ బిగుసుకునే మర, ఊడదీయడం చికాకు పని. అందుకని కొందరు కొత్త స్పోకును వంచి దూర్చేస్తారు. ఆ వంచిన చోటే మళ్ళీ తెగుతుంది.

ఎలాగూ ఫ్రీవీల్ ఊడదీస్తున్నారు కాబట్టి 18 పళ్ళది పక్కనబెట్టి 22 పళ్ళది వేయించండి. ముందు 48 పళ్ళ చక్రం ఉంటే, 18తో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు దాదాపు 6 మీటర్లు పోతుంది, 22తో 5 మీటర్లకు కాస్త తక్కువ. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మోకాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది. చైనుకు ఒక జత లింకులు, అంటే అంగుళం, చేర్చాల్సి రావచ్చు.

ఇక కట్టడం. బరువు ఇరుసుకు వెనక వేలాడితే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ ఊగుతుంది. ఎంత వీలైతే అంత సీటు దగ్గరికి, అంత కిందికి పెట్టాలి. 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండుంటే 40 కిలోల పైమాటే. పైన పేర్చొద్దు, క్యారియర్‌కు రెండు వైపులా కొక్కేలకు వేలాడదీయండి. ముందుగా పెడల్ మీద మీ మడమ ఎక్కడిదాకా వస్తుందో చూసుకుని, దానికి నాలుగు వేళ్ళ వెనక కొక్కెం పెట్టించండి. పాల క్యాన్లయినా నీళ్ళయినా సగం నింపితే మలుపులో లోపలి బరువు అటు పరుగెత్తి సైకిల్ని లాగుతుంది. నిండుకుండ తొణకదన్నది ఇక్కడ అక్షరాలా నిజం.

గ్యాసు బండకు ఇంకో చిక్కు. నిండు బండ ఇచ్చి ఖాళీ బండ తీసుకుంటాం కదా, ఒక వైపు నిండుదీ ఇంకో వైపు ఖాళీదీ ఉన్నంతసేపూ తేడా దాదాపు 14.2 కిలోలు, లోపలి గ్యాసంత. వేరే సరుకేదైనా ఉంటే ఖాళీ వైపు కట్టండి. బియ్యం బస్తా అడ్డంగా వేస్తే రెండు కొసలూ వాలి చక్రానికి రాసుకుంటాయి. అడుగున ఒకటిన్నర అడుగుల చెక్క వేస్తే ఆ బాధ ఉండదు.

కట్టడానికి తాడుకంటే పాత ట్యూబు మేలు. రెండు వేళ్ళ వెడల్పున పొడవుగా కోసి, సాగదీసి కట్టండి. గుంతలో పడ్డప్పుడు బరువు సర్దుకున్నా రబ్బరు దాంతోపాటే బిగుస్తుంది. బయల్దేరిన అర కిలోమీటరుకు ఆగి ఒకసారి లాగి చూసుకోవాలి. ఎండకు పగుళ్ళిచ్చిన ముక్కను మొహమాటపడకుండా పారేయండి.

పడిపోయేది ఎక్కువగా రోడ్డు మీద కాదు, ఎక్కించేటప్పుడు. ఒక క్యాను తగిలించగానే సైకిలు ఆ వైపు ఒరుగుతుంది. గోడకు ఆనించి, గోడ వైపుది ముందు, బయటిది తర్వాత తగిలించాలి. దింపేటప్పుడు బయటిది ముందు. స్టాండు కాళ్ళకు రెండంగుళాల ఇనప రేకు వెల్డింగు చేయిస్తే మట్టిలో దిగబడదు. లోడు సీటుకంటే ఎత్తుంటే కాలు వెనక నుంచి తిప్పలేం, సైకిల్ని కాస్త వంచి ముందు రాడ్డు మీదుగా వేయాల్సిందే. అది కష్టమని లేడీస్ సైకిలు తీసుకుంటే, పై రాడ్డు లేని ఆ ఫ్రేము బరువుకు మెలిదిరుగుతుంది.

టైరు 28 బై ఒకటిన్నర. వెనకది బొటనవేలితో గట్టిగా నొక్కినా దిగనంత గాలి ఉండాలి. లేకపోతే గుంతలో రిమ్ము ట్యూబును కొరుకుతుంది, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు.

నా లెక్కలో 60 కిలోల దాకా తొక్కొచ్చు. 80 దాటితే దిగి నెట్టడమే. 1954లో ఫ్రెంచివాళ్ళతో జరిగిన దియన్ బియన్ ఫూ యుద్ధానికి వియత్నాం వాళ్ళు ఒక్కో సైకిలు మీద 200 కిలోలకు పైగా బియ్యం చేరవేసింది నెట్టుకుంటూనే. హ్యాండిల్‌కు ఒక వెదురు బొంగు పొడుగ్గా కట్టి, సీటు గొట్టంలో ఇంకో కర్ర నిలబెట్టి, పక్కన నడుస్తూ ఒక చేత్తో తిప్పేవారు, ఇంకో చేత్తో తోసేవారు. పెద్ద లోడుకు ఆ ఏర్పాటు ఇప్పటికీ పనిచేస్తుంది.

మోటారు కిట్టు వేయించాలనుకునేవాళ్ళు ముందు బ్రేకుల సంగతి చూడండి. ఈ సైకిళ్ళ రాడ్ బ్రేకు వానలో తడిసిన స్టీలు రిమ్మును వెంటనే పట్టుకోదు, రెండు మూడు చుట్లు నీళ్ళు తుడిచాక గానీ రబ్బరు ఆనదు. లోడుతో పల్లంలోకి దిగే ముందు, ఇంకా పైన ఉండగానే, బ్రేకు తేలిగ్గా నొక్కిపట్టి రిమ్ము ఆరనివ్వండి. అప్పటికీ పట్టు రాలేదనిపిస్తే దిగిపోండి.