తోట పోయి పాస్‌బుక్కు వచ్చింది

ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ హైవేకి మా మామిడి తోట ఎకరం ముప్పై కుంటలు పోయింది. పరిహారం పడ్డ రోజు నేను హైదరాబాద్‌లో ఆఫీసులో ఉన్నా. నాన్న ఫోన్ చేసి "ఒరేయ్, మెసేజ్ వచ్చింది, సున్నాలు నువ్వొకసారి లెక్కపెట్టు" అన్నాడు. ఎంతో ఇక్కడ రాయను. అమ్మ నోరు జారి పిన్నికి చెప్పిన పాపానికి ఆ అంకె సాయంత్రానికల్లా పక్కూరు చేరి రెట్టింపయింది, ఆ అనుభవం చాలు.

హఠాత్తుగా డబ్బొచ్చింది అంటారు గానీ, మాకేమీ హఠాత్తుగా రాలేదు. నోటిఫికేషన్‌కీ డబ్బుకీ మధ్య ఏడాది పైనే గడిచింది. ఆ ఏడాదంతా మేం మాట్లాడుకున్నది ఒకటే, రేటు. రిజిస్ట్రేషన్ విలువ ఎంత, బయట ఎకరం ఎంత పలుకుతోంది, బోరుకి వేరే కడతారా, చెట్టుకి ఎంత కడతారు, ఇదే గోల. వచ్చాక ఏం చేస్తాం, ఎవరెవరికి ఎంత, పొద్దున లేచి నాన్న ఎక్కడికి వెళ్తాడు అని ఒక్కరం కూడా అడగలేదు. నేను కూడా.

మొదటి వారం ఇల్లు పెళ్లిల్లే. వెంచర్‌లో ప్లాటు చూపిస్తామని కారేసుకొచ్చినవాళ్లు, నెలకి నూటికి మూడు వడ్డీ ఇప్పిస్తామన్నవాళ్లు, పదేళ్లుగా మొహం చూడని చుట్టాలు. అందరూ చెడ్డవాళ్లేం కాదు, నిజంగా ఆపరేషన్‌కి డబ్బు కావాల్సినవాళ్లూ ఉన్నారు. ఇదివరకు ఎవరైనా అడిగితే లేదనడం తేలిక, ఎందుకంటే నిజంగానే లేదు. ఇప్పుడు లేదంటే అబద్ధం, ఉందంటే ఇవ్వాలి. నాన్నకి అరవై నాలుగేళ్లలో ఈ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు, పాపం రాత్రిళ్లు లేచి వసారాలో కూర్చునేవాడు. చివరికి అక్క ఒక మాట నేర్పింది: "మొత్తం డిపాజిట్‌లో వేసేశాం, ఆరు నెలలు కదలదు." డిపాజిట్ ఎప్పుడైనా బ్రేక్ చేయొచ్చని అడిగేవాళ్లకీ తెలుసు, అయినా ఆ మాటతో ఇద్దరి మర్యాదా దక్కేది.

అసలు దెబ్బ బయటివాళ్ల నుంచి రాలేదు, బ్యాంకు కుర్చీలోంచి వచ్చింది. పేరు వద్దులెండి. ఎప్పుడూ లైన్లో నిలబెట్టేవాళ్లు ఆ రోజు నాన్నని లోపలికి పిలిచి టీ ఇచ్చి "ఎఫ్‌డీ కంటే మంచిది పెద్దాయనా" అంటూ నాలుగుచోట్ల సంతకాలు పెట్టించారు. ఇంటికొచ్చిన కాగితాలు చూస్తే అది బీమా పాలసీ, ఏటా ఐదు లక్షల చొప్పున పదేళ్లు కట్టాలి! ఇక కట్టడానికి తోట ఏది? పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చన్న నిబంధన పట్టుకుని, ఉత్తరం రాసి, రసీదు మీద స్టాంపు వేయించుకుని వదిలించుకున్నాం. కొద్దిపాటి కోత పోను మిగతాది వచ్చింది. ఎవరైనా మీ అమ్మానాన్నలతో సంతకం పెట్టిస్తే ఆ కాగితం ఫొటో అదే రోజు తెప్పించుకోండి.

తర్వాత డబ్బుని విడగొట్టాం. బ్యాంకు మునిగితే బీమా ఉండేది ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల వరకే, వడ్డీతో కలిపి. ఈ సంగతి నాకే అప్పటిదాకా సరిగ్గా తెలియదు. కొంత పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేశాం, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. మా పొలానికొచ్చిన పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు గానీ ఈ వడ్డీల మీద ఉంటుంది, ఆడిటర్ దగ్గరికి ముందే వెళ్లడం మంచిదైంది. బంగారం మీద అప్పు తీర్చాం. నామినీ పేర్లు రాయించాం.

అక్క వాటా సంగతి అమ్మే ఎత్తింది. తాతల నాటి భూమి, పట్టాదారు పాసుపుస్తకంలో నాన్న పేరొక్కటే ఉంది. ఆడపిల్లకి వాటా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది, మా ఊళ్లో మాత్రం ఇంకా పసుపు కుంకుమ లెక్కే నడుస్తోంది. "దానిది ముందు పక్కన పెట్టండి, తర్వాత పెడదామంటే మిగలదు" అంది అమ్మ. నిజం చెప్పాలంటే నాకు ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. అక్క అడగలేదు, వద్దనీ అనలేదు. అదే రోజు ట్రాన్స్‌ఫర్ చేశాం.

ఇన్ని చేశాం గానీ నాన్న పొద్దుల్ని ఎవరం సర్దలేకపోయాం. చెట్లు లెక్కపెట్టడానికి అధికారులు వచ్చిన రోజు నలభై ఒకటి రాసుకుంటే, గట్టు మీదున్న నాటు చెట్టు వదిలేశారని వాళ్ల వెనకే నడిచి నలభై రెండు రాయించాడు. ఆ చెట్టుకి కాయలు పుల్లగా ఉండేవి, పచ్చడికి తప్ప ఎందుకూ పనికొచ్చేవి కావు. పొక్లెయిన్ వచ్చాక కూడా చాలా రోజులు ఐదింటికే బండి తీసి అటే వెళ్లి, మట్టి పోసిన కట్ట పక్కన కూర్చుని వచ్చేవాడు. తర్వాత అదీ మానేసి రోజూ బ్యాంకుకి వెళ్లి పాస్‌బుక్కు ప్రింటు వేయించుకునేవాడు, కొత్తగా ఒక్క లైను పడకపోయినా సరే.

మొన్న ఆదివారం ఇంటికెళ్తే పాస్‌బుక్కు టీవీ మీద ఉంది, నాన్న లేడు. ఎక్కడికెళ్లాడమ్మా అంటే, "పక్కూళ్లో రెండెకరాలు కౌలుకి మాట్లాడాడు, మిరప వేస్తాడట" అంది అమ్మ, కోపంగానే.