మా ఆయనా, నేనూ, ఎనిమిది లెక్కలూ

జంటగా సాల్సా నాట్యం నేర్చుకుందామని సరదాగా చేరి, ఒకరికి వచ్చి ఇంకొకరికి రాక, నెల తిరక్కుండానే మానేసిన భార్యాభర్తల్ని హైదరాబాద్‌లో చాలామందినే చూశాను. మేమూ ఆ అంచుదాకా వెళ్ళాం. మానలేదు. ఎలా నిలబడ్డామో రాయాలని ఎప్పట్నించో అనుకుంటున్నాను. క్లాసులో స్టెప్పులు చెప్తారు గానీ, జంటలో ఒకరు వెనకబడితే ఇంటికెళ్ళాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు.

నేను చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. పెళ్ళి, ఉద్యోగం, పిల్లాడు వచ్చాక గజ్జెలు అటకెక్కాయి గానీ తాళం ఒంట్లోంచి పోలేదు. మా ఆయనకి పాటలంటే ప్రాణం. కానీ ఆయన వినేది సాహిత్యం, గొంతు. దరువు మీదకి ఆయన చెవి ఎప్పుడూ పోలేదు. పిల్లాడు హాస్టల్‌కి వెళ్ళాక సాయంత్రాలు బోసిపోయాయి. ఇద్దరం కలిసి ఏదైనా నేర్చుకుందామని అన్నదీ, క్లాసులో ఇద్దరి పేర్లూ రాయించిందీ ఆయనే. తనకి రాదని తెలిసిన విద్యలోకి నా కోసం నడిచొచ్చిన మనిషి ఆయన. ఆ మాట నేను ఒక్క రోజూ మర్చిపోలేదు.

సాల్సాలో ఎనిమిది లెక్కలుంటాయి. ఒకటి, రెండు, మూడు అడుగులు, నాలుగు ఆగాలి. ఐదు, ఆరు, ఏడు అడుగులు, ఎనిమిది ఆగాలి. నడిపించేవాళ్ళు ఒకటికి ఎడమ కాలు ముందుకేస్తే, అనుసరించేవాళ్ళు కుడికాలు వెనక్కేస్తారు. ఆది తాళం వేసిన చేతికి ఎనిమిది కొత్త కాదు కాబట్టి నాకు బేసిక్ స్టెప్ చూడగానే పట్టుబడింది. ఆయన దగ్గర చిక్కంతా ఆ ఆగడంలోనే. పాట ఆగకుండా పరుగెడుతుంటే కాలు ఎందుకాగాలి? నాలుగులో ఒక అడుగు అదనంగా పడేది, ఇక అక్కడి నుంచి ఇద్దరి కాళ్ళూ కొట్టుకునేవి. మాస్టరు గట్టిగా లెక్క చెప్పినంతసేపూ బాగానే ఉండేది. లెక్క ఆపి పాట పెట్టగానే ఆయన నా మొహంలోకి చూసేవారు, ఒకటి ఎక్కడుందో నా కళ్ళు చెప్తాయేమోనని.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. జంట నాట్యంలో మొదటి నెలల్లో నడిపించేవాళ్ళ బరువూ, అనుసరించేవాళ్ళ బరువూ సమానం కాదు. అనుసరించే నాకు నా అడుగులూ, చేతికి అందిన సూచనా ఉంటే సరిపోతుంది. ఆయన మాత్రం పాట వినాలి, తన అడుగులు వెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలో అనుకోవాలి, అది నాకు ముందే తెలిసేలా చెయ్యాలి, వెనక ఎవరైనా ఉన్నారేమో చూసుకోవాలి. నన్ను ఐదు, ఆరు, ఏడులో తిప్పాలంటే మూడు అయ్యేసరికే ఆయన చెయ్యి పైకి లేవడం మొదలవ్వాలి. అంటే ఆయన బుర్ర ఎప్పుడూ పాటకన్నా ముందుండాలి. భార్య చకచకా నేర్చేసుకుంటోంది, భర్త మొద్దబ్బాయి అని క్లాసులో అనుకుంటుంటారు. అది చాలా అన్యాయం. అనుసరించేవాళ్ళ అసలు కష్టం తర్వాత మొదలవుతుంది, సమతూకం దగ్గరా, వేగంగా తిరగడం దగ్గరా.

కొన్నాళ్ళకి ఆయన ముడుచుకుపోవడం మొదలైంది. "నువ్వెళ్ళు, నేను కార్లో కూర్చుంటాను" అన్నారు ఒక సాయంత్రం. కోపంగా కాదు, మామూలుగానే. నాకు కడుపులో తిప్పేసింది. ఆయన లేకుండా నేర్చుకోవడానికైతే ఏ సోలో క్లాసుకో వెళ్ళేదాన్ని. "మీరు లేకుండా నేను లోపలికి వెళ్ళను, ఇద్దరం ఇంటికే పోదాం పదండి" అన్నాను. ఆ పూట నిజంగానే ఇంటికొచ్చేశాం. భోజనాలయ్యాక కూర్చుని రెండు ఒప్పందాలు చేసుకున్నాం. ఒకటి, నాట్యం చేస్తున్నప్పుడు ఆయన అడుగుల గురించి నేను నోరెత్తకూడదు, నొప్పి పుడితే తప్ప. రెండోది, అడుగులు నేర్పే పని మాస్టరుది. పాట వినడం మాత్రం ఇంట్లో ఇద్దరం కలిసి చేస్తాం.

ఆ రెండోదే మమ్మల్ని గట్టెక్కించింది. సోఫాలో కూర్చుని పాట పెట్టి, ఒడిలో ఆది తాళం వెయ్యడం ఆయనకి నేర్పాను. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మధ్యవేలి దగ్గర కాలు ఆగుతుంది, చివరి విసురు దగ్గర ఆగుతుంది. ఆగడం అంటే ఏమీ చెయ్యకపోవడం అన్నట్టుండేది ఆయనకి అంతవరకూ. చేతికి అక్కడ కూడా ఒక పని దొరికేసరికి నాలుగుకీ ఎనిమిదికీ చోటు కుదిరింది. కర్ణాటక తాళంతో సాల్సా ఏమిటని మా చెల్లెలు నవ్వింది గానీ, లెక్క లెక్కే.

తర్వాత వాద్యాలు. కొత్తవాళ్ళు పాట మొత్తాన్ని ఒక్కసారే వినాలని చూస్తారు, అందుకే ఏమీ దొరకదు. మాస్టరు ఆయనకి రెండు శబ్దాలు మాత్రమే పట్టుకోమన్నారు. ఒకటి కౌబెల్, లోహపు గంట. పాట ఊపందుకున్నప్పుడు అది ఒకటి, మూడు, ఐదు, ఏడు లెక్కల మీద గట్టిగా మోగుతుంది. రెండోది కాంగా డప్పు. నాలుగో లెక్కతో మొదలై వెంటవెంటనే రెండు తెరిచిన దెబ్బలు (చెయ్యి వెంటనే తీసేసి మోగనిచ్చేవి) పడతాయి, దుమ్‌దుమ్ అని. ఎనిమిది దగ్గర మళ్ళీ అంతే. అవి వినబడ్డాయంటే వచ్చేది ఒకటో ఐదో అయి తీరాలి. ఇది విన్నాక మా ఆయన కారు నడుపుతూ, పళ్ళు తోముకుంటూ ఆ దుమ్‌దుమ్‌నే వెతికారు. పాట వేగం తగ్గించి వినేవారు, నెమ్మదిగా పెంచుకుంటూ పోయారు. లెక్క చెప్పే గొంతు లేకుండా తనంతట తను ఒకటి పట్టుకున్న రోజు, రోడ్డు మీద సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీద దెబ్బ వేసి "ఇదిగో!" అన్నారు. సరిగ్గా ఒకటే. నాకు కళ్ళు చెమర్చాయి.

మాస్టరు మాకు చేసిన ఇంకో మేలు, కొన్ని వారాలు సాల్సా పక్కనపెట్టి బచాటా చేయించడం. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన సంగీతం, నాట్యం అది. యునెస్కో 2019లో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మూడడుగులు పక్కకి, నాలుగో లెక్కకి పాదం అలా తాకించడం, మళ్ళీ వెనక్కి. నాలుగులో శూన్యం లేదు, కాలికి పని ఉంది. పాట నిదానం, గిటారు తీయగా ఉంటుంది. ఒకరికి తాళం రాని జంట ఎవరైనా నన్నడిగితే ముందు బచాటాతో మొదలుపెట్టమనే చెప్తాను. ఆయన మొట్టమొదటిసారి నేల చూడకుండా నాట్యం చేసింది అందులోనే.

జోడీలు మార్చడం గురించి కూడా చెప్పాలి. క్లాసులో కాసేపటికోసారి అందరూ పక్కవాళ్ళతో మారతారు. పెళ్ళైన జంటలు మారమంటే మొహమాటపడతారు, మన దగ్గర అది సహజం, ఎవరూ బలవంతం చెయ్యరు కూడా. మేం ఆలోచించి మారడానికే ఒప్పుకున్నాం. క్లాసులో సాయంగా ఉండే ఒక అమ్మాయి, ఎంతోమంది కొత్తవాళ్ళని చూసింది, ఆయన చేతిలోని సూచన నిజంగా వచ్చిందా లేదా అన్నది రెండు పాటల్లో తేల్చేసేది. భుజం బిగబట్టకుండా ఒకే ఒత్తిడితో చేతుల ఫ్రేమ్, అంటే ఇద్దరి మధ్య చేతుల చట్రం, ఉంచడం, బొటనవేలితో నా చెయ్యి నొక్కిపట్టకుండా వేళ్ళు వదులుగా కొక్కెంలా ఉంచడం ఆమె దగ్గరే ఆయనకి వచ్చాయి. నాకూ లాభమే. పరాయి చేతుల్లో ముందు ఏం వస్తుందో తెలీదు కాబట్టి, క్లాసులో చెప్పిన వరసని బట్టి కాకుండా చేతికి అందినదాన్ని బట్టి కదలడం అలవాటైంది. మాస్టరు ఒక్కోసారి నన్ను కళ్ళు మూసుకుని చెయ్యమనేవారు. మా ఆయన నెమ్మదిగా, స్పష్టంగా నడిపిస్తారని నాకు అప్పుడు తెలిసింది. ఆయన తొందరపెట్టరు. క్లాసులో చురుగ్గా ఉన్న కొందరు కుర్రాళ్ళ కన్నా ఆయనతోనే క్రాస్ బాడీ లీడ్ (నడిపించేవాళ్ళు పక్కకి తప్పుకుని జోడీని అవతలి వైపుకి దాటించడం) హాయిగా ఉండేది, ఆ మాట మాస్టరు ముందే ఆయనతో చెప్పాను.

బూట్ల సంగతి చిన్నదే గానీ చెప్పి తీరాలి. ఆయన వాకింగ్ షూస్‌తో వచ్చేవారు. రబ్బరు అడుగు నేలని పట్టేస్తుంది, తిరిగినప్పుడు పాదం ఆగి మోకాలు మెలిపడుతుంది. ఆఫీసుకి వేసుకునే తోలు అడుగు బూట్లకి మారాక మోకాలి నొప్పి పోయింది, తిరగడమూ తేలికైంది. ఓపిక ఉన్నవాళ్ళు స్వెడ్ (నూగులాంటి మెత్తటి తోలు) అడుగున్న డాన్స్ షూస్ కొనుక్కోవచ్చు.

ఇప్పుడు మేం శనివారాలు సోషల్స్‌కి, అంటే అందరూ కలిసి సరదాగా నాట్యం చేసే సాయంత్రాలకి, వెళ్తున్నాం. వేగమైన పాట వస్తే ఆయన ఇప్పటికీ కూర్చుంటారు, నేను పక్కన కూర్చుని నీళ్ళు తాగుతాను, లేదా ఎవరైనా పిలిస్తే వెళ్తాను. మధ్యస్థం పాటకి లేచి, కౌబెల్ మోత కోసం ఒక్క క్షణం ఆగి, తర్వాత నా చెయ్యి అందుకుంటారు. ఆ ఆగడాన్ని నేను ఎప్పుడూ తొందరపెట్టను. మాస్టరు ఈమధ్య మమ్మల్ని 'ఆన్ టూ' మొదలుపెట్టమంటున్నారు. న్యూయార్క్‌లో ఎడ్డీ టోరెస్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది, దిశ మార్చే అడుగు రెండులో, ఆరులో పడుతుంది, కాంగా మీద చెవి ఉండాలి. ఆయనకి చాలా ఉత్సాహంగా ఉంది. నాకు ఒకటో లెక్కకి దిశ మార్చడం బాగా అలవాటైపోయింది కాబట్టి కాస్త సమయం కావాలన్నాను. దసరా సెలవులకి పిల్లాడు వచ్చి వెళ్ళాక చేరదామని అనుకున్నాం.