అమ్మ ఫోన్‌తో సోషల్ పాఠం

మా హైస్కూలుకు పిల్లలు ఫోన్ తేకూడదు. అందుకని ఫోన్‌తో చేయించే పనేదైనా సాయంత్రం ఇంటి దగ్గరే, అదీ అమ్మ ఫోన్‌లో. కోనసీమలో సముద్రం వైపు ఊరు మాది. తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను.

పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటుంది. 2017లో వచ్చిన దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియో వస్తుంది. ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా చూడొచ్చు. సిగ్నల్ వచ్చీ రాని మా వైపు అది పెద్ద సాయమే. కానీ మర్నాడు అడిగితే "బాగుంది టీచర్" అనేవారు, అంతే. నేను పాఠం చెప్పినా అదే మాట.

గూగుల్ ఎర్త్‌లో టైమ్‌లాప్స్ అని ఉంది. 1984 నుంచి ఏ ఊరు ఎలా మారిందో ఉపగ్రహ చిత్రాల్లో వరసగా చూపిస్తుంది. మా మండలం మీద పెట్టి, స్క్రీన్ రికార్డ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి క్లాసులోని ఐఎఫ్‌పీ ప్యానెల్‌పై (పెద్ద టచ్ స్క్రీన్) వేశాను. పచ్చటి వరిచేలు ఏడాదికి కొన్ని చొప్పున రొయ్యల చెరువులైపోతుంటే క్లాసంతా లేచి నిలబడింది. "అదుగో మా చెరువు!" అని అరుపులు.

తర్వాత పని ఇచ్చాను. చెరువు తవ్వకముందు అక్కడ ఏముండేది, ఎప్పుడు తవ్వారు, ఎందుకు తవ్వారు? ఇంట్లో పెద్దవాళ్లని అడిగి వాయిస్ రికార్డ్ చేయాలి. తల్లులకు టెన్షన్: "ఫోన్ చేతికిస్తే రీల్స్‌లో పడతారండీ." ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఇవ్వండమ్మా, రికార్డింగ్‌కు నెట్ అక్కర్లేదు అన్నాను. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్ల పిల్లల్ని ఉన్నవాళ్లతో జట్టు కట్టాను.

మొదట వచ్చిన వాటిలో మనిషి గొంతు కన్నా ఏరియేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) మోతే ఎక్కువ. గట్టు మీద కాదు, అరుగు మీద కూర్చోబెట్టి అడగమన్నాను. అప్పుడు వచ్చాయి అసలు మాటలు. 1996 నవంబరు తుఫానుకు కొబ్బరితోట నేలకూలిందనీ, మళ్లీ మొక్క పెట్టి కాపు కోసం ఎదురుచూసే ఓపిక లేకపోయిందనీ ఒక మామ్మ. కాలువ చివరి భూమి, దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీరందేది కాదని ఒకాయన. పక్కవాళ్లు చెరువు తవ్వారు, ఉప్పునీరు మా చేలోకి ఊరింది, ఇక మేమూ తవ్వక తప్పలేదని ఇంకొకాయన. రొయ్యలే లేకపోతే నా కూతుళ్లు ఇంజనీరింగ్ చదివేవాళ్లా అని ఒక తండ్రి. ఇదీ రికార్డులో ఉండాల్సిందే.

అసలు గొడవ ఒక తాతయ్య మాటతో మొదలైంది. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే చెరువు తవ్వామన్నాడాయన. చిత్రంలో ఆ తర్వాత చాలా ఏళ్ల దాకా అక్కడ పచ్చగానే ఉంది. "తాతయ్య మర్చిపోయాడు" అని సగం మంది, "ఫొటోయే తప్పు" అని మిగతా సగం. పాత చిత్రాల్లో ఒక్కో చుక్క 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు నేల అని చెప్పాను. లెక్క వేయమంటే 22 సెంట్లు తేలింది. మనవడు మళ్లీ వెళ్లి అడిగాడు. మొదట తవ్వింది పది సెంట్ల చేపల గుంట అట. పెద్ద చెరువు తర్వాత సంగతి. ఆ గుంట ఒక్క చుక్కలో సగం కూడా లేదు, ఇక కనిపించేదెలా?

ఏ మాట నమ్మాలో, ఏది ఇంకోసారి అడగాలో పిల్లలు తమలో తాము వాదించుకున్నారు. నేను కొన్నాళ్లుగా వీడియోల దగ్గర వెతుకుతున్నది ఇదే.

రికార్డింగులన్నీ ఇప్పుడు బడి కంప్యూటర్‌లో ఉన్నాయి, మనుషుల పేర్లు తీసేసి, చెరువు దిక్కు, ఏడాది రాసి. చెరువు పూడిస్తే మళ్లీ వరి పండుతుందా అని ఒక పిల్ల అడిగింది. దానికి నా దగ్గర పాఠం లేదు. మట్టిలో ఉప్పు ఎంతుందో పరీక్షిద్దామని సైన్స్ మాస్టారు ఒప్పుకున్నారు, దాళ్వా నాట్ల సమయానికి.