వంగని పిన్ను కోసం రెండు రోజులు

ఇంటర్ పూర్తయితే గేములు ఆడుకునే కంప్యూటర్ కొనిపెడతానని మా అబ్బాయికి ఇచ్చిన మాట మొన్న రాత్రి పదకొండున్నరకు నెరవేరింది. తయారుగా ఉన్నది కొనకుండా విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే బిగిద్దామన్నది నా పంతం. ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నవాడికి నాలుగు స్క్రూలు బిగించడం ఒక లెక్కా అనుకున్నాను.

భాగాల ఎంపిక చాలావరకు తేలికగానే గడిచింది. కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్ రైజెన్ 5 9600ఎక్స్ అని మావాడు ముందే తేల్చేశాడు. అది ఏఎం5 అనే సాకెట్‌లో, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడులో, పట్టేది కనుక భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు కూడా ఏఎం5దే కావాలి. ఆ సాకెట్ బోర్డుల్లో డీడీఆర్5 ర్యామ్ తప్ప మరొకటి పట్టదు కనుక పాత కంప్యూటర్‌లోని ర్యామ్ మీద ఆశ వదులుకున్నాం. ఆర్టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డుకు 115 వాట్లు, ప్రాసెసర్‌కు 65 వాట్ల రేటింగు, కాబట్టి భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ 650 వాట్లదైతే ధారాళంగా సరిపోతుంది. క్యాబినెట్‌తో పాటు అంటగట్టే పేరులేని ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఈ ప్రాసెసర్‌తో దాన్ని చల్లబరిచే కూలర్ రాదు. మేము కొన్న కూలర్ ఎత్తు 155 మిల్లీమీటర్లు, క్యాబినెట్‌లో పట్టేది 160. ఆ ఐదు మిల్లీమీటర్ల తేడాను కొనకముందే లెక్క చూసింది నేనేనని ఇక్కడ చెప్పుకోకుండా ఉండలేను.

ఆదివారం దుకాణాలు ఉండవన్న అనుమానంతో శనివారమే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, ప్యారడైజ్‌లో దిగి, పార్క్ లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. బిల్లు వద్దంటే తగ్గిస్తామని రెండు చోట్ల ఆశపెట్టారు, మేము ఒప్పుకోలేదు. సాయంత్రానికి సామానంతా ఇంటికి చేరింది, రాత్రి తొమ్మిదికి బిగింపు అయింది. స్విచ్ వేస్తే ఫ్యాన్లన్నీ తిరిగాయి గానీ డిస్‌ప్లే రాలేదు. మదర్‌బోర్డు అంచున ‘సీపీయూ’ (అంటే ప్రాసెసరే) అని రాసి ఉన్నచోట చిన్న ఎర్ర దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. ర్యామ్ తీసి పెట్టాం, గ్రాఫిక్స్ కార్డు తీసి పెట్టాం, ప్రాసెసర్‌కు కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల తీగను ఊడదీసి మళ్లీ గుచ్చాం. దీపం ఆరలేదు.

సోమవారం సెలవు పెట్టి, బోర్డును, ప్రాసెసర్‌ను పెట్టెల్లో సర్దుకుని, బోర్డు అమ్మిన దుకాణానికి వెళ్లాను. చెకింగ్ చార్జీ అని ముందుగానే ఐదు వందలు తీసుకున్న యజమాని, బోర్డును దీపం కింద ఇటూ అటూ తిప్పి, నలుగురూ వినేలా, “పిన్ను వంగింది సార్, వారంటీ రాదు. ఇది యూట్యూబ్ చూసి చేసుకునే పని కాదు, కొత్త బోర్డు తీసుకోండ్రి” అన్నాడు. ఏ పిన్నో చూపించమని అడిగితే వేలితో సాకెట్ మొత్తాన్నీ చూపించాడు. అప్పటికి కౌంటర్ దగ్గర ముగ్గురు కుర్రాళ్లున్నారు. వారిలో ఒకడు మూడేళ్ల క్రితం నా దగ్గర పదో తరగతి చదివినవాడు. నాకు నమస్కారం పెట్టి, వెంటనే తల తిప్పుకుని కీబోర్డుల వైపు చూడసాగాడు. వాడు నవ్వి ఉన్నా ఇంతకంటే నయంగా ఉండేది.

మంగళవారం బడి ప్రయోగశాల నుంచి భూతద్దం తెచ్చుకున్నాను. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డు మీది సాకెట్‌లోనే 1718 ఉంటాయి. వాటిని వరుస వెంబడి వరుసగా, టార్చి పక్కనుంచి వాలుగా పట్టుకుని, రెండు గంటలు చూశాను. వంగిన పిన్ను ఉంటే దాని మీద పడిన వెలుగు మెరుపు మిగిలిన వరుసతో కలవదు. ఒక్కటి కూడా తేడాగా కనిపించలేదు.

అప్పుడు గాని బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లోని ప్రాసెసర్ల జాబితా చూడాలన్న బుద్ధి పుట్టలేదు. ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, మా ప్రాసెసర్ 2024 ఆగస్టులో వచ్చింది. మాకు అమ్మిన బీ650 బోర్డు ఆ మధ్యకాలపు సరుకు. సాకెట్‌లో ప్రాసెసర్ చక్కగా కూర్చున్నా, బోర్డులోని పాత బయోస్, అంటే స్విచ్ వేయగానే ముందుగా నడిచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్, దాన్ని గుర్తుపట్టదు. ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ వెర్షన్ నుంచి పని జరుగుతుందో ఆ జాబితాలో ఎదురెదురుగా రాసి ఉంది. పెట్టె మీద ‘రైజెన్ 9000 రెడీ’ అన్న స్టిక్కర్ ఉందో లేదో కొనేటప్పుడే చూడవలసింది. మా పెట్టె మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. సాకెట్ కలిస్తే అన్నీ కలిసినట్టేనని మాకు చెప్పింది కూడా ఆ యజమానే.

అదృష్టం కొద్దీ మా బోర్డు వెనకవైపు, ప్రాసెసర్ సాయం లేకుండానే బయోస్ మార్చే బటన్ ఒకటి ఉంది. అన్ని బోర్డులకూ అది ఉండదు గనుక వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఉన్నదే కొనండి. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, కొత్త బయోస్ ఫైలుకు మాన్యువల్‌లో చెప్పిన పేరు అక్షరం పొల్లు పోకుండా పెట్టి, గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ రంధ్రంలోనే గుచ్చాలి. మాకు యూపీఎస్ లేదు. బయట వాన పడుతుండటంతో, బయోస్ మారుతుండగా మధ్యలో కరెంటు పోతుందన్న భయానికి వాన వెలిసేదాకా గంటన్నర కూర్చుని, ఆ తర్వాతే బటన్ నొక్కాను. బటన్ దగ్గరి దీపం ఆరు నిమిషాలు మిణుకుమిణుకుమని ఆగింది.

మళ్లీ స్విచ్ వేస్తే మళ్లీ నల్లటి తెరే. మా ఆవిడ ఆపేయమంది. డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు మొదటిసారి సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుందని అప్పటికే చదివి ఉన్నందువల్ల ఎవరినీ స్విచ్ ముట్టుకోనివ్వలేదు. నాలుగో నిమిషంలో తెర వెలిగింది. 6000 వేగం ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంటే బయోస్‌లో ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ‘ఎక్స్‌పో’ అమరికను ఆన్ చేయడంతో అదీ దారికి వచ్చింది.

నిన్న సాయంత్రం ఐదు వందలు తిరిగి అడగడానికి ఆ దుకాణానికి వెళ్లాను. యజమాని బిల్లు పుస్తకం లోంచి తలెత్తకుండా అంతా విని, “ఆ బటన్ ఏడుంటది సార్?” అని అడిగాడు. అరలో ఉన్న అదే రకం బోర్డు పెట్టె విప్పించి చూపించాను. లోపలి నుంచి పనికుర్రాణ్ణి కూడా పిలిచి చూడమన్నాడు. డబ్బు మాత్రం ఇవ్వలేదు.