యాభైయోసారి కూడా వినగలిగే పాట

మా అమ్మాయికి మూడేళ్లు నిండేనాటికి మా ఇంట్లో ఒకే పాట రోజుకు పదిహేనుసార్లు మోగేది. ఎలక్ట్రానిక్ కీబోర్డులో ముందే నింపిపెట్టిన దరువు, చిన్నపిల్లలా ధ్వనించాలని ఎవరో పెద్దమనిషి కీచుగా సాగదీసిన గొంతు, ప్రతి చరణం చివరా చప్పట్ల మోత, ఇంతకు మించి ఆ పాటలో ఏమీ లేదు. పన్నెండో రోజున ఆఫీసు సమావేశంలో కూర్చుని ఆ దరువునే బల్లమీద వేళ్లతో వాయిస్తున్నానని పక్కనున్న సహోద్యోగి చెవిలో చెప్పేదాకా నాకే తెలియలేదు. పిల్ల పాట వినడం మానాలన్నది నా కోరిక కాదు. తనకు నచ్చేదీ, నేను ఓర్చుకోవడం కాకుండా నిజంగా ఇష్టపడి వినగలిగేదీ ఒకటే అయ్యే సంగీతం ఎక్కడైనా ఉండకపోతుందా అనిపించింది. అలా మొదలైన వెతుకులాట రెండేళ్లకు పైగా సాగింది.

మొదటి కొన్ని నెలలు పొరపాటు చోట వెతికాను. 'పిల్లల పాటలు' అని పేరు పెట్టి ఉన్న జాబితాలన్నీ వరుసగా విన్నాను. వాటిలో సగం పైన చెప్పిన బాపతు. మిగతా సగం పళ్లు తోముకోమనీ, చేతులు కడుక్కోమనీ, వేళకు నిద్రపొమ్మనీ చెప్పేవి, అంటే రాగం కట్టిన ఆజ్ఞాపత్రాలు. వాటి అవసరం ఉండవచ్చు గాని, ఎవరైనా నాకు రోజుకు పదిహేనుసార్లు పళ్లు తోముకోమని పాడి వినిపిస్తే నేను వాళ్లతో మాట్లాడటం మానేస్తాను.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవలసి వచ్చింది. పిల్లలు ఒకే పాటను పదేపదే అడగడం మొండితనం కాదు. తర్వాత ఏం రాబోతోందో తనకు ముందే తెలుసునన్న ధీమా, అది సరిగ్గా తాను అనుకున్నట్టే రావడంలోని సంబరం, రెండూ కలిసి వాళ్లచేత 'మళ్లీ' అనిపిస్తాయి. పెద్దవాళ్లం మనమూ అందుకు భిన్నం కాదు. ఏదైనా పదేపదే తారసపడితే చాలు, దానిమీద మనకు ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే ప్రయోగాలతో చూపించాడు. అయితే ఆ ఇష్టం అలా పెరుగుతూనే పోదనీ, మరీ సాదాగా ఉన్నవి త్వరగా విసుగు పుట్టిస్తాయనీ, కాస్త అల్లిక ఉన్నవి ఎక్కువసార్లకు తట్టుకుంటాయనీ 1970లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ బెర్లిన్ వాదించాడు. నా బాధ అంతా ఆ రెండో మాటలో ఉంది. పాట తిరిగి రావడాన్ని నేను ఆపలేను, కాబట్టి యాభైయోసారి విన్నప్పుడు కూడా కొత్తగా ఏదో ఒకటి చేతికిచ్చే పాటనే ఇంట్లోకి రానివ్వాలి. పిల్లకు నచ్చుతుందా అన్న ప్రశ్నను అప్పటినుంచి రెండో స్థానానికి తోసి, దీన్ని మొదటి ప్రశ్నగా పెట్టుకున్నాను.

ఆ పరీక్షకు మొట్టమొదట నిలబడినది ఒక తాబేలు. ఫ్రెంచ్ స్వరకర్త కామిల్ సాన్-సాన్స్ 1886లో మిత్రుల మధ్య వినోదం కోసం 'జంతువుల ఉత్సవం' అని 14 చిన్న చిన్న సంగీత చిత్రాలు కూర్చాడు. గంభీరమైన స్వరకర్తగా తనకున్న పేరు ఈ సరదాతో పలుచబడుతుందని కాబోలు, హంస మీద రాసిన ఒక్క భాగాన్ని తప్ప మిగతాదేదీ తాను బతికి ఉండగా అచ్చు కానివ్వలేదు. ఆయన 1921లో పోయాడు, పూర్తి రచన 1922లో వెలువడింది. అందులో తాబేళ్ల భాగం రెండు నిమిషాల చిల్లర ఉంటుంది. పియానో మెత్తగా ఆనించి కొడుతుండగా తీగవాద్యాలు ఒక వరుసను ఎంత నింపాదిగా లాగుతాయంటే, ఒక్కొక్క స్వరం కాలు ఎత్తి, ఆలోచించి, మళ్లీ కింద పెట్టినట్టు ఉంటుంది. మా అమ్మాయి నేలమీద బోర్లా పడుకుని, వీపు మీద దిండు పెట్టుకుని, ఆ కాలంలోనే గదంతా పాకేది. ఆమె పాకుతుంటే నేను బట్టలు మడతపెట్టేవాణ్ణి.

ఇరవయ్యోసారో, ముప్ఫయ్యోసారో వింటున్నప్పుడు, చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. ఆ వరుస నాకు తెలుసు! స్వరకర్త ఆఫెన్‌బాక్ 1858లో తన సంగీత నాటకానికి రాసిన కాన్‌కాన్ నృత్యం అది, నర్తకులు కాళ్లు పైకి విసురుతూ ఊపిరి సలపకుండా ఆడే, లోకమంతా ఎరిగిన ఆ ఉధృతమైన గతి. దాన్నే పట్టుకొచ్చి విలంబ కాలంలో పెట్టి తాబేలు చేత ఆడించాడు సాన్-సాన్స్. నవ్వు ఆపుకోలేక అమ్మాయిని పిలిచాను గాని, ఆమె తాబేలుగా ఉంది కనుక తల తిప్పడానికి చాలా సేపు పట్టింది.

ఆ రోజు నుంచి తక్కిన జంతువులను అనుమానంగా వినడం మొదలుపెట్టాను. ఏనుగు వంతు వచ్చేసరికి, గాలిలో తేలిపోయే సుకుమారుల నృత్యం కోసం బెర్లియోజ్ అనే మరో ఫ్రెంచ్ స్వరకర్త కూర్చిన వరుసను తీగవాద్యాలలో అతి బరువైన డబుల్ బేస్ వాయిస్తుంది. జంతువుల నడుమ 'పియానిస్టులు' అని ఒక జాతి కూడా ఉంది. వాళ్లు సరళీ స్వరాలు సాధన చేసే పిల్లల్లా అవే మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. శిలాజాల దగ్గర స్వరకర్త తన పాత రచననే తవ్వి తీసి వెక్కిరించుకుంటాడు. పిల్లకు ఏనుగు ఏనుగే, ఆమె ఆనందానికి లోటేమీ లేదు. పెద్దవాడికి అదే చోట మరో పొర ఉంది. ఒకే పాటలో ఇద్దరికీ వేర్వేరు తలుపులు పెట్టిన రచనలు ఉంటాయని నాకు తెలిసింది ఇక్కడే.

అదే దారిలో రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ 1936లో మాస్కోలోని పిల్లల రంగస్థలం కోసం రాసిన పీటర్, తోడేలు కథ మా ఇంటికి వచ్చింది. కథ చెప్పే గొంతు ఒకటి, ప్రతి పాత్రకూ ఒక వాద్యం. పిట్టకు ఫ్లూట్, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, తాతయ్యకు బసూన్, తోడేలుకు మూడు ఫ్రెంచ్ హార్న్‌లు, పీటర్‌కు తీగవాద్యాలు. నాలుగేళ్ల పిల్ల ఓబోకూ క్లారినెట్‌కూ తేడా చెప్పగలగడం సంగీత జ్ఞానం కాదు, అది బాతు మీద ప్రేమ. కథలో తోడేలు బాతును మింగేస్తుంది. చిట్టచివర ఊరేగింపు అంతా అయిపోయాక, శ్రద్ధగా వింటే తోడేలు కడుపులోంచి బాతు ఇంకా అరుస్తూ ఉంటుంది, ఎందుకంటే తొందరలో దాన్ని బతికుండగానే మింగేసింది కదా. ఆ ఓబో కోసం మా అమ్మాయి అరగంట కథనూ ఊపిరి బిగబట్టి వినేది. చిన్నపిల్లలకు భయపెట్టే భాగాలు వద్దని కొందరు అంటారు గాని, హార్న్‌లు మోగగానే నా మోచేయి పట్టుకుని, వదిలాక మళ్లీ వేయమన్న పిల్లను చూశాక నేను ఆ మాట ఒప్పుకోలేను.

అన్నిటికన్నా ఆశ్చర్యపరచినది మాత్రం మేమిద్దరం అప్పటికే విసిగిపోయిన వరుస. నర్సరీ పిల్లలందరికీ వచ్చిన 'ట్వింకిల్ ట్వింకిల్' పాటకు మాటలు జేన్ టేలర్ 1806లో అచ్చువేసిన కవితలోవి, వరుస అంతకంటే పాతదైన ఫ్రెంచ్ బాణీ. ఆ బాణీ మీద మొజార్ట్ పియానో కోసం 12 వైవిధ్యాలు రాశాడు. మొదట వేలితో ఒక్కొక్క స్వరం నొక్కినంత అమాయకంగా వరుస వినిపిస్తుంది. ఆ తర్వాత కుడిచెయ్యి దాని చుట్టూ తీగలా అల్లుకుంటుంది, ఆపైన ఎడమచెయ్యి ఆ పరుగును అందుకుంటుంది, ఎనిమిదోది ఉన్నట్టుండి విషాదంగా మారుతుంది, పదకొండోది నిదానించి పాడుతుంది, పన్నెండోది మూడు లెక్కల గతిలోకి మారి ఉరుకుతుంది. మేము దీన్ని ఆటగా మార్చుకున్నాం. నక్షత్రం ఎక్కడ దాక్కుందో ప్రతి వైవిధ్యంలోనూ పట్టుకోవాలి. ఎనిమిదోది వచ్చినప్పుడల్లా 'నక్షత్రానికి జ్వరం వచ్చింది' అనేది మా అమ్మాయి.

మొజార్ట్ పేరెత్తాను కాబట్టి ఒక మాట. పిల్లల మెదడు చురుకవుతుందన్న వాగ్దానంతో అమ్మే సంగీతాన్ని నేను దగ్గరికి రానివ్వలేదు. ఆ ప్రచారానికంతటికీ మూలం 1993లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక చిన్న ప్రయోగం. అందులో పాల్గొన్నది శిశువులు కాదు, 36 మంది కాలేజీ విద్యార్థులు. పది నిమిషాలు మొజార్ట్ వినగానే ఒక రకం పరీక్షలో వారికి కనిపించిన మెరుగుదల పావుగంట కూడా నిలవలేదు. సంగీతాన్ని మందులా పట్టించేవాళ్లను పిల్లలు ఇట్టే పసిగడతారు.

నేనూ ఒకసారి ఆ తప్పు చేశాను. జర్మన్ స్వరకర్త షూమన్ 1838లో బాల్యం గురించి రాసిన 13 పియానో రచనలు నాకు ప్రాణం. పేరులో పిల్లలున్నారు కదా అని ఒక ఆదివారం ఎదురుగా కూర్చోబెట్టుకుని వినిపించాను. మూడో నిమిషానికి ఆమె బల్లకింద ఉంది. తప్పు ఆమెది కాదు, ఎందుకంటే అది పెద్దవాడు తన చిన్నతనాన్ని తలచుకుంటూ పెద్దల కోసం రాసుకున్నది. అదే షూమన్ పదేళ్ల తర్వాత, 1848లో, తన కూతుళ్ల వేళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన సంపుటిని మాత్రం ఆమె బల్లపైకి వచ్చి విన్నది. పిల్లల గురించిన సంగీతం వేరు, పిల్లల కోసమైన సంగీతం వేరు. ఈ రెంటినీ ఒకే పేరుతో అమ్మడం వల్ల ఎందరు తల్లిదండ్రులు ఆదివారాలు పోగొట్టుకున్నారో!

వాద్య సంగీతం వినడానికి సరే, పాడుకోవడానికి గొంతు కావాలి. చిన్నపిల్లల గొంతుకు హాయిగా అందేవి ఐదారు స్వరాలే. దానికి మించి పైకి లాగే పాటలో వాళ్లు పాడటం మానేసి అరుస్తారు. అమెరికన్ గాయని ఎల్లా జెంకిన్స్ 1957లో వెలువరించిన మొదటి ఆల్బంలో ఈ చిక్కుకు చక్కటి పరిష్కారం ఉంది. ఆమె ఒక చిన్న ముక్క పాడుతుంది, పిల్లలు దాన్ని తిరిగి పాడతారు, తాళం తప్ప పెద్ద హంగేమీ ఉండదు. ఆమె గొంతు మార్చదు, ముద్దు చేయదు, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు పాడుతుంది. కీచు గొంతుల మధ్య నెలల తరబడి మునిగి ఉన్న నాకు ఆ మామూలు గొంతు ఎంత హాయినిచ్చిందో చెప్పలేను.

మన సంగీతంలోనూ ఇదే మెలకువ కనిపిస్తుంది. అన్నమయ్య జోలపాటగా ప్రసిద్ధమైన 'జో అచ్యుతానంద'ను సాధారణంగా నవరోజు రాగంలో పాడతారు. ఆ రాగం మంద్ర పంచమం దగ్గర మొదలై మధ్యస్థాయి పంచమం దగ్గరే ఆగిపోతుంది, తారస్థాయి వైపు తలెత్తి చూడదు. రాత్రి పదిన్నరకు అలసిన గొంతుతో, నిద్ర పట్టని పిల్లను భుజాన వేసుకుని పాడేవాడికి ఇంతకన్నా దయగల రాగం ఉంటుందనుకోను. ముత్తుస్వామి దీక్షితులు తన కాలపు పాశ్చాత్య బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చిన నోటు స్వరాలు కూడా మాకు అలాగే పనికివచ్చాయి. గమకాలు లేకుండా శంకరాభరణం మెట్లమీద తేలిగ్గా గంతులు వేసే ఆ చిన్న పాటలలో ఒకటి ఇంగ్లండు రాజగీతం బాణీ అని గుర్తుపట్టినప్పుడు, తాబేలును పట్టుకున్న రోజు గుర్తొచ్చింది.

వెతికే పద్ధతి విషయానికొస్తే, పెద్ద రహస్యమేమీ లేదు. పిల్ల నిద్రపోయాక ముందు నేను ఒక్కడినే వింటాను, నాకు రెండోసారి వినాలనిపించకపోతే అక్కడితో సరి. వర్గం పేరుతో కాకుండా వాద్యం పేరుతో, వాయించినవారి పేరుతో వెతుకుతాను. మూడు నాలుగు నిమిషాలు దాటనివాటితో మొదలుపెడతాను. ఒక పాట కాగానే యాప్ తనంతట తాను మరోటి మోగించే సదుపాయాన్ని ఆపివేశాను, ఎందుకంటే నేను ఎంత ఏరికోరి పెట్టినా మూడో పాటకల్లా ఆ కీచు గొంతే తిరిగి వచ్చేది. అన్నిటికన్నా ముఖ్యంగా, 'ఇది మంచి సంగీతం, విను' అన్న మాట నోట రానివ్వను. ఆమె దిమ్మెలతో మేడ కడుతున్నప్పుడు దానంతటది మోగుతూ ఉంటుంది, చెవి పడితే పడుతుంది.

పిల్లకు హెడ్‌ఫోన్లు పెట్టేస్తే ఈ గొడవంతా ఉండదు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. పిల్లలకైతే సగటున 75 డెసిబెల్స్, అదీ వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న సంగతి అటుంచి, నాకు అసలు అభ్యంతరం వేరు. ఆమె చెవులకు తొడుగు వేసి ఉంటే తాబేలు జోకు నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇప్పుడు ఆమెకు ఐదున్నర. పోయిన నెల కారులో వెళ్తుండగా రేడియోలో ఆఫెన్‌బాక్ కాన్‌కాన్ వచ్చింది, అసలైన వేగంతో, ఇత్తడి వాద్యాలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడుతూ. నేను ఏమీ అనలేదు. వెనక సీటులో కొన్ని క్షణాలు నిశ్శబ్దం. ఆ తర్వాత సీటు బెల్టు అనుమతించినంత మేర ముందుకు వంగి, నా చెవి దగ్గర అరిచింది: "నాన్నా, తాబేలు పరిగెడుతోంది!"