మా కొబ్బరితోట కిందనుంచి గ్యాస్ పైపు

రాజోలు దీవిలో నా పేరున ఎకరం ముప్పై సెంట్ల కొబ్బరితోట ఉంది. పెళ్లప్పుడు నాన్న పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. నేను అమలాపురం వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. తోట చూసుకునేది ఊళ్లోనే ఉండే కౌలు రైతు. కిందటేడాది వేసవిలో ఆ తోట మధ్యనుంచి ఒక గ్యాస్ కంపెనీ పైపు వేసింది. కంపెనీ పేరు రాయను. కేసు నడుస్తోంది, పైగా ఏ కంపెనీ వచ్చినా చట్టం అదే, పద్ధతి అదే.

మా వైపు గ్యాస్ పైపు అన్న మాట వింటే ఎవరికైనా ముందు భయమే వేస్తుంది. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మి, 65 రోజులు మండింది. రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ కంపెనీ గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎండిపోయిన కొబ్బరిచెట్లు చాలాకాలం అలాగే నిలబడి ఉండేవి. అందుకే సర్వే కుర్రాళ్లు ఎర్ర గుడ్డలు కట్టిన పుల్లలు పాతుకుంటూ వస్తున్నారని తెలియగానే ఊరంతా ఒకటే మాట: "ఇవ్వం."

ఇవ్వం అంటే ఆగుతుందా? ఆగదు. ఈ సంగతి ముందే తెలుసుకుంటే ఆవేశం ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలుస్తుంది. పైపులైన్ల కోసం 1962లో కేంద్రం ఒక చట్టం చేసింది. దాని కింద వాళ్లు మన భూమి కొనరు. భూమి లోపల పైపు వేసుకుని వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. ఊళ్లో దాన్ని ఆర్‌ఓయూ (రైట్ ఆఫ్ యూజర్) అంటారు. పాస్ పుస్తకం మన పేరునే ఉంటుంది, శిస్తు మనమే కడతాం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం రేటుకు రెండింతలు, మూడింతలు వస్తాయని మా రచ్చబండ దగ్గర గట్టిగా ప్రచారం జరిగింది. భూమి కొననప్పుడు ఆ లెక్క ఎలా వస్తుంది? 1962 చట్టంలో ఉన్నది భూమి మార్కెట్ విలువలో 10 శాతం, దానికి తోడు చెట్లకూ పంటకూ ఇతరత్రా జరిగిన నష్టం. అంతే.

నా గొడవంతా ఆ 10 శాతం గురించే. కానీ దానికి ముందు జరిగింది చెప్పాలి.

మొదట గెజిట్‌లో నోటిఫికేషన్ వస్తుంది. సర్వే నంబర్లు, ఏ నంబర్లో ఎంత విస్తీర్ణం, అన్నీ అందులో ఉంటాయి. అభ్యంతరం చెప్పుకోవడానికి 21 రోజులే గడువు. అభ్యంతరం రాతలో ఉండాలి. కాంపిటెంట్ అథారిటీ అని ఒక అధికారి ఉంటారు, ఆయన మనల్నిగానీ మన వకీలునుగానీ పిలిచి వినాలి. ఆ తర్వాత ఆయన చెప్పిందే ఖాయం. మా ఊళ్లో చాలామంది ఆ 21 రోజులూ ధర్నా గురించి మాట్లాడుకుంటూ గడిపేశారు. ధర్నా చేయొద్దని నేనెందుకంటాను? కాగితం ఇచ్చేసి చేయొచ్చు కదా.

మా కాగితంలో మేం పట్టుకున్న పాయింటు ఇది. ఆ చట్టంలోనే ఉంది: నోటిఫికేషన్ నాటికి నివాసంగా ఉన్న భూమి కింద పైపు వేయకూడదు, పక్కా కట్టడం ఉన్నచోట వేయకూడదు, ఇంటికి ఆనుకుని ఉన్న స్థలం కిందా వేయకూడదు. పైపు నేలకు మీటరు లోతు కంటే పైన ఉండకూడదు. ఇప్పుడు కోనసీమలో ఇల్లు ఎక్కడుంటుంది? తోటలోనే. మా చిన్నాన్నగారి ఇల్లు మా తోటకు ఆనుకుని, ఆయన తోట నడుమ ఉంది. ఇంటి వెనక నుయ్యి, పశువుల పాక, గడ్డివాము, ఆ వెనక చెట్లు. పెరడు ఎక్కడ అయిపోయింది, తోట ఎక్కడ మొదలైంది? గీత గీసి చూపించమన్నాం. సర్వే వాళ్ల పటంలో అదంతా "తోట" అని ఒక్క మాటతో ఉంది. మేం ఫొటోలు, పంచాయతీ ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు మీద ఎర్ర సిరాతో ఇల్లు, నుయ్యి, పాక గుర్తులు పెట్టి ఇచ్చాం. విచారణకు చిన్నాన్నగారితో నేనూ వెళ్లాను. అక్కడి ఆఫీసరు గారు "మీ వారు రాలేదా అమ్మా?" అని అడిగారు. తోట నా పేరున ఉందండీ, మావారు పక్క గదిలో మీ అటెండరు గారితో క్రికెట్ మాట్లాడుతున్నారు అన్నాను.

లైను కొంచెం జరిగింది. చిన్నాన్నగారి పెరడు తప్పించి ఇవతలికి, అంటే నా తోట నడుమకు వచ్చింది! పిన్ని మాత్రం చాలా సంతోషించింది, వెళ్లినప్పుడల్లా పూతరేకులు పెడుతోంది.

ఇక నా లెక్క. తోట పొడవు 110 మీటర్లు. వాళ్లు తీసుకున్న పట్టీ వెడల్పు 18 మీటర్లు. అంటే 1,980 చదరపు మీటర్లు, దగ్గరదగ్గర 49 సెంట్లు. అందులో 31 కొబ్బరిచెట్లు పోయాయి, 24 కాపుమీదున్నవి, 7 లేతవి. వాటి నీడన ఉన్న కోకో మొక్కలు వేరే. ఎకరం పాతిక లక్షలు అనుకుంటే 49 సెంట్లకు పన్నెండు లక్షల పాతిక వేలు, అందులో 10 శాతం లక్షా ఇరవై రెండు వేల ఐదు వందలు.

మా అన్నయ్య వరిచేను బోదెకు అవతల ఉంది. అదే పైపు, అదే వెడల్పు. దాళ్వా (రబీ వరి) కోసి కాలువలు కట్టేశాక తవ్వారు, పూడ్చారు. ఆ ఏడు సార్వా (ఖరీఫ్ వరి) సరిగ్గా రాలేదు, దానికి పరిహారం తీసుకున్నాడు. ఇప్పుడు పైపు మీదనే నాట్లు వేసుకుంటున్నాడు. అతనికీ 10 శాతమే, నాకూ 10 శాతమే.

కానీ చట్టంలో ఇంకో సెక్షన్ ఉంది, తొమ్మిదోది. ఆ పట్టీలో భూమిని మునుపు దేనికి వాడుతున్నామో దానికే వాడుకోవచ్చు అంటుంది. బాగానే ఉంది. వెంటనే మూడు నిషేధాలు: కట్టడం కట్టకూడదు, చెరువుగానీ నుయ్యిగానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి రైతుకు మొదటి మాటతో పని జరిగిపోతుంది. కొబ్బరి రైతుకు మూడో నిషేధంతో మొదటి మాట కొట్టుకుపోతుంది. మునుపు కొబ్బరే కదా వేసింది, మరి కొబ్బరి నాటకుండా దాన్ని మునుపటిలా వాడుకోవడం ఎలా?

చెట్ల పరిహారం వేరే ఇచ్చారు కదా అని కంపెనీ తరఫున వచ్చిన ల్యాండ్ ఆఫీసరు అన్నాడు. ఇచ్చారు. అది కొట్టేసిన చెట్టుకు. చెట్టుకు ఏడాదికి 80 కాయలు, కాయ 10 రూపాయలు, దింపుకీ ఎరువుకీ సగం తీసేసినా 24 చెట్ల మీద ఏడాదికి 9,600 మిగిలేది. చెట్టు చచ్చిపోతే ఆ గోతి పక్కనే ఇంకో మొక్క పెట్టుకుంటాం. మా తాత పెట్టింది నాన్న తిన్నాడు, నాన్న పెట్టింది నేను తింటున్నాను. ఆ తిరిగి పెట్టుకునే హక్కు పోయినందుకు ఇచ్చింది ఏమిటని చూస్తే, ఆ 10 శాతమే మిగులుతుంది. పన్నెండు పదమూడేళ్ల ఆదాయం. పైపు అంతకన్నా ఎక్కువకాలమే ఉంటుంది.

చెరువు నిషేధం సంగతి భీమవరం, ఉండి వైపు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ వరిచేనుకు ఒక ధర, రొయ్యల చెరువుకు పనికొచ్చే చేనుకు ఇంకో ధర. ఇవాళ వరి వేస్తున్న రైతు రేపు చెరువు తవ్వుకుందామనుకుంటే ఆ పట్టీలో కుదరదు. నడుమ పట్టీ పోతే అటూ ఇటూ మిగిలిన ముక్కల్లోనూ సరైన చెరువు రాదు. నా తోటలోనూ పట్టీకి అటు పదిహేను మీటర్లు, ఇటు పదిహేను మీటర్లు మిగిలాయి.

పరిహారం దగ్గర నేను చూసినవి కొన్ని చెబుతాను. కొట్టే ముందు పంచనామా రాస్తారు. మా ఊళ్లో కొందరి దగ్గర అంకెలు లేని కాగితం మీద సంతకం తీసుకున్నారు, "ఆఫీసులో నింపుతామండి" అని. నా తోటలో చెట్లకు సున్నంతో నంబర్లు వేయించాను. ఒక్కో చెట్టుకూ ఫోన్లో ఫొటో తీశాను, పంచనామా నకలు మీద వాళ్ల సంతకం తీసుకున్నాను. లేత చెట్లు ఏడూ వాళ్ల మొదటి జాబితాలో లేవు. నంబర్లు ఉన్నాయి కాబట్టి తర్వాత ఎక్కించారు. కోకో మాత్రం పొదలు అని రాశారు. ఆ మాట మీద వాళ్లతో నాకింకా పడలేదు.

మార్కెట్ విలువ అంటే వాళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకం రేటు పట్టుకొస్తారు. చట్టంలో మార్కెట్ విలువ అనే ఉంది, నోటిఫికేషన్ తేదీ నాటిది. ఆ చుట్టుపక్కల నిజంగా జరిగిన అమ్మకాల దస్తావేజుల నకళ్లు మనమే వెతికి పెట్టుకోవాలి. మన దగ్గర దస్తావేజులో రాసేది కూడా పుస్తకం రేటే కావడం వల్ల అసలు ధర ఏ కాగితంలోనూ దొరకదు. స్టాంపు డ్యూటీ తగ్గించుకోవడానికి మనం రాసుకున్న తక్కువ అంకె ఇక్కడ మన మీదికే వస్తుంది. నాకు దొరికిన వాటిలో బ్యాంకు లోను కోసం నిజమైన ధర రాసినవి కొన్నే.

కౌలు రైతు సంగతి ఊళ్లో ఎవరూ మాట్లాడరు. చట్టంలో "భూమిలో ప్రయోజనం ఉన్న ఎవరైనా" అని ఉంది. యజమాని ఒక్కడే అని లేదు. సంపాదనకు జరిగిన నష్టం కూడా లెక్కలోకి తీసుకోవాలని ఉంది. కానీ మా కౌలుదారుకు కౌలు కార్డు లేదు. 2019 చట్టం కింద పంట సాగుదారు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి. ఎవరూ పెట్టరు, భూమి పోతుందని భయం. తోట నాది కాబట్టి డబ్బు నా ఖాతాలో పడింది. కోకో మీద, ఆ ఏటి దింపుల మీద వచ్చిన భాగం ఆయనకు ఇచ్చాను. "ఆయ్, ఎందుకండీ మేడంగారండీ" అంటూనే తీసుకున్నాడు. ఈసారి కార్డు కాగితం మీద సంతకం పెట్టాను. మా పెద్దన్నయ్యకు అది నచ్చలేదు, నచ్చకపోనీ.

పూడ్చడం గురించి కూడా అడగాలి. మా నేల పైన ఒండ్రు, కింద ఇసుక కలిసిన జిగట. తవ్వినప్పుడు రెంటినీ విడిగా పోసి, విడిగా పూడ్చమని రాతలో అడిగాను. మొదటి వానలకే పైపు వెంబడి నేల కుంగి, మురుగు బోదెలోకి పోవాల్సిన నీళ్లు తోటలో నిలిచాయి. ఫొటోలతో ఉత్తరం రాస్తే మట్టి తెచ్చి పోశారు. తర్వాత తనిఖీకి రావాలన్నా తగిన నోటీసు ఇచ్చే రావాలి, అత్యవసరమైతే తప్ప. ఇప్పుడు వాళ్ల లైన్‌మ్యాన్ వచ్చేముందు ఫోన్ చేస్తున్నాడు.

కరెంటు టవర్ల సంగతి వేరు, మావాళ్లు రెంటినీ కలిపేస్తారు. పెద్ద ట్రాన్స్‌మిషన్ లైన్లకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు ఉన్నాయి. యజమాని ఒప్పుకోవాల్సిన పనిలేదు, నష్టానికి పూర్తి పరిహారం మాత్రం ఇవ్వాలి. ఎంత అన్నదానికి కేంద్ర విద్యుత్ శాఖ 2015లో టవరు కాళ్ల మధ్య భూమికి విలువలో 85 శాతం, తీగల కింద పట్టీకి 15 శాతం వరకు అని మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 జూన్‌లో వాటిని 200 శాతం, 30 శాతం చేసింది. అవి మార్గదర్శకాలు, అమలు రాష్ట్రం చేతిలో ఉంటుంది. కాబట్టి టవరు వాళ్లు వస్తే ఏ జీవో ప్రకారం ఇస్తున్నారో ముందు అడగండి. తీగల కింద పట్టీకి ముప్పై శాతం అన్నవాళ్లు నేలలో పైపుకు పది దగ్గరే ఎందుకు ఆగిపోయారో నాకు అర్థం కాదు. తీగ కింద కనీసం పొట్టి మొక్కలు పెరుగుతాయి.

కాంపిటెంట్ అథారిటీ కట్టిన విలువ నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లొచ్చు. నేను వెళ్లాను. పిటిషన్‌లో మూడు అడిగాం: మార్కెట్ విలువ మళ్లీ కట్టాలని, తోట రెండు ముక్కలైనందుకు నష్టం ఇవ్వాలని, కోకోను చెట్ల లెక్కలో వేయాలని. జడ్జిగారు కూడా 10 శాతాన్ని పెంచలేరు, అది చట్టంలోనే ఉంది. వకీలుగారు ఆ సంగతి మొదటి రోజే చెప్పారు. అది మారాలంటే పార్లమెంటులో మారాలి. మా ఎంపీ గారికి కొబ్బరి రైతుల తరఫున ఒక వినతిపత్రం రాశాం, పట్టీలో చెట్టు నాటే హక్కు పోయే తోటలకు శాతం వేరుగా ఉండాలని. సంతకాలు బాగానే వచ్చాయి. వరి రైతులూ పెట్టారు, మా అన్నయ్యతో సహా.

ఈలోగా పట్టీలో ఏం వేయాలి? అరటి వేసుకోవచ్చా అని ల్యాండ్ ఆఫీసర్ని అడిగితే "వేసుకోండి మేడం, అది చెట్టు కాదుగా" అన్నాడు. అదే మాట రాసివ్వమన్నాను. ఇంకా రాలేదు. అందుకని ఈ ఏడు కంద పెట్టించాను.