గామే ద్రాక్షను వెతుక్కుంటూ బోజొలేకి

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో రైలెక్కి అరగంటలోపే, బోజొలే అనే వైన్ ప్రాంతంలోని విల్‌ఫ్రాంష్‌లో దిగాను. అక్టోబరు పొగమంచు ఇంకా విడలేదు. గొప్ప సీసాల కోసం బోర్డోకో బుర్గుండీకో వెళ్ళేవారు చాలామందే ఉంటారు గానీ, సామాన్యులు రోజూ ఒక గ్లాసు తాగే వైన్‌ను అది పుట్టిన నేల మీదే ఓపికగా పరీక్షించాలన్నది నా కోరిక.

ఇక్కడి నల్లద్రాక్ష పేరు గామే. 1395లో బుర్గుండీ డ్యూక్ ఫిలిప్ దీన్ని చెడ్డ ద్రాక్షగా నిందించి తీగలు పెరికివేయమని ఆజ్ఞాపించాడు. బుర్గుండీకి దక్షిణాన ఉన్న ఈ గ్రానైటు కొండల మీద మాత్రం అదే తీగ హాయిగా నిలదొక్కుకుంది. గుత్తులను చిదమకుండా మూసిన తొట్లలో పోస్తారు. లోపల బొగ్గుపులుసు వాయువు నిండి, పులియడం ద్రాక్షపండు లోపలే మొదలవుతుంది. అందుకే ఈ వైన్‌లో వగరు తక్కువ, పండు వాసన ఎక్కువ.

రైతులు కలిసి నడుపుకునే ఒక నేలమాళిగలో నా కోసం ఆరు సీసాలకు కాగితం చుట్టి, అంకెలు వేసి ఉంచారు. పేరు తెలిస్తే నాలుక కూడా పక్షపాతం చూపుతుంది కాబట్టి నేనే అలా కోరాను. మొదటి సీసా మరీ చల్లగా ఉంది. వాసన లేదు, పులుపు మాత్రం కొట్టొచ్చినట్టు తెలిసింది. తక్కువ మార్కు వేశాను. పది నిమిషాలు గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాక మళ్ళీ వాసన చూస్తే, ఎర్ర చెర్రీ పండ్ల పరిమళం మెల్లగా పైకి వచ్చింది. వేసిన మార్కు కొట్టేసి మళ్ళీ వేశాను. పన్నెండు, పదమూడు డిగ్రీల దగ్గర తాగవలసినదాన్ని అంతకన్నా చల్లగా ఉన్నప్పుడు తీర్పు చెప్పడం అన్యాయం.

రెండోది గ్లాసు ఎత్తగానే అరటిపండు వాసన గుప్పుమంది. అది పులిసేటప్పుడు పుట్టే ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థం వల్ల వచ్చేది; తప్పు కాదు గానీ, దాని వెనక ద్రాక్ష కనబడకుండా పోయింది. నాలుగోది తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది. అది బిరడాలోని లోపమే తప్ప రైతు తప్పు కాదు. అదే వైన్ మరో సీసా తెరిపిస్తే శుభ్రంగా, నోరూరించే పులుపుతో ఉంది. ప్రతి గుటకనూ పుక్కిలించి ఉమ్మేస్తూ నేను చూసుకున్నది ఒక్కటే: దీన్ని మరో గుటక తాగాలనిపిస్తుందా, లేదా? ఇలాంటి వైన్ నుంచి పదేళ్ళ నిలవనో లోతైన గాంభీర్యాన్నో ఆశించడం సబబు కాదని నా అభిప్రాయం.

మిగిలిన సీసాలకు బిరడాలు బిగించి బసకు తెచ్చుకున్నాను. మర్నాడు ఉదయం మళ్ళీ రుచి చూస్తే, అరటిపండు వాసన వేసినది చప్పబడిపోయింది. నేను మార్కు దిద్దిన మొదటిది మాత్రం నిన్నటికన్నా మెత్తబడి, చెర్రీ వాసన చెక్కుచెదరకుండా నిలిచింది. కాగితం విప్పితే అది అన్నింటికన్నా సాధారణమైన బోజొలే వైన్. తిరుగు ప్రయాణంలో దానివే రెండు సీసాలు నా సంచిలో ఉన్నాయి.